ఇంటి చలువ - దాని వెల

మనుష్యుడు ఇల్లు దేనికొరకు కట్టుకొనెనని అడిగినచో వానకొరకని కొందరు, చలికొరకని కొందరు, దొంగలకు వెఱచి యని కొందరు చెప్పుదురు. గంగా మైదానమునుండి కృష్ణాతీరము వరకు గల భూములలో నివసించువారు మాత్రము ఎండకొరకని కూడ చెప్పక తప్పదు. ఇక్కడ ఏడాదికి మూడు మాసములు సూర్యుడు ఇంటిమీదికి దండెత్తి వచ్చును. ఆ మూడు మాసములలో ఇల్లు ఓడిపోయినచో, అందులోని పసిబిడ్డయు, బాలెంతయు, మంచముపట్టిన ముసలివాడును ఓడిపోయినట్లే.

ఈ దండయాత్రను ఎదుర్కొనుటకు మన దేశమువారు రెండు మార్గములు త్రొక్కిరి. లోపలికి వచ్చిన వేడిమిని ధనముతోను, పరుల చెమటతోను వెలికి తరుముట ఒక మార్గము. వేడిమిని గడపవద్దనే, కప్పుమీదనే నిలిపివేయుట రెండవ మార్గము. మొదటిదానికి చరిత్ర కలదు. పాదుషాల ఆస్థాన గ్రంథములలోను, దొరసానుల దినచర్యలలోను, ఓడల లెక్కల పుస్తకములలోను అది కనబడును. రెండవదానికి గ్రంథకర్త లేడు. అది తాపీవాని చేతిలోను, తాటాకు కప్పువాని చేతిలోను నిలిచి, వారితోనే పోవుచు వచ్చినది. ఈ రెండు మార్గముల కథ చెప్పుకొనినచో, నేడు మన ఇండ్లు ఎందుకింత కాగుచున్నవో కొంత తెలియగలదు.

మొదటి మార్గమునకు మంచి సాక్షి అబుల్ ఫజల్. అక్బరు పాదుషా పరిపాలనా విధానమును వర్ణించిన 'ఐన్-ఇ-అక్బరీ'లో అతడు త్రాగునీటి శాఖకు ప్రత్యేకముగా చోటిచ్చెను. పెట్లుప్పుతో నీటిని చల్లబరచు పద్ధతి అందులో తూకములతో సహా కలదు. ఒక శేరు నీరు పట్టు వెండి కూజాను గాని, తగరపు కూజాను గాని మూతిగట్టి, రెండున్నర శేర్ల పెట్లుప్పు కలిపిన అయిదు శేర్ల నీటిలో కొంతసేపు త్రిప్పినచో లోపలి నీరు చల్లబడును. తుపాకిమందులో నిప్పు పుట్టించు పదార్థమునుండియే పాదుషా చల్లదనమును పుట్టించెనని అబుల్ ఫజల్ మురిసిపోయెను. 1586 ప్రాంతమున పాదుషా పంజాబులో విడిసినప్పటినుండి, లాహోరుకు నలువదియైదు క్రోసుల దూరమున నున్న ఉత్తరపు కొండలనుండి మంచు తెప్పించుట మొదలయ్యెను. పడవలమీదను, బండ్లమీదను, మనుష్యుల భుజములమీదను ఆ మంచు వచ్చెడిది. దారిలో కరగినది కరగగా మిగిలినది పాదుషా పానపాత్రకు చేరెను.

ఆ గ్రంథములోనే ఖస్ ప్రస్తావన కూడ కలదు. మనము వట్టివేరు అనునదే హిందీవారి ఖస్. వెదురు తడికల నడుమ వట్టివేళ్ళు కూర్చి, వానిమీద నీరు చల్లినచో నడివేసవిలో శీతకాలము వచ్చినట్లుండునని అబుల్ ఫజల్ వ్రాసెను. ఆ తడికలకే ఖస్ టట్టీలని పేరు. నీరు ఆవిరియగునప్పుడు చుట్టునున్న గాలిలోని వేడిమిని తీసికొనిపోవును. తడిసిన వేళ్ళ గుండా వచ్చు వడగాలి ఆ విధముగా చల్లనై, పరిమళముతో గదిలో ప్రవేశించును. కాని ఇందులో రెండు మెలికలు కలవు. గాలి పొడిగా నున్నప్పుడే టట్టీ పనిచేయును. సముద్రపుటొడ్డున ఉక్కబోతలో అది తడిసిన చాప మాత్రమే. పైగా ఆ టట్టీ ఆరిన మరుక్షణమే దాని గుణము పోవును. ఎవడో ఒకడు తోలుతిత్తి మోసికొని, మిట్టమధ్యాహ్నపు టెండలో వెలుపల నిలిచి, దానిని తడుపుచునే యుండవలెను. లోపలివాని చలువ వెలుపలివాని మాడునుండి వచ్చునని ఈ టట్టీయే మొట్టమొదట చెప్పును.

ఆంగ్లేయులు వచ్చిన పిమ్మట ఈ పద్ధతి మరింత విస్తరించెను. పదునెనిమిదవ శతాబ్ది చివరి భాగమునుండి కలకత్తాలోని దొరల ఇండ్లలో కప్పునుండి వ్రేలాడు గుడ్డపంకాలు వాడుకలోనికి వచ్చెను. వాని త్రాడు గోడరంధ్రము గుండా వసారాలోనికి పోవును. అక్కడ పంకాకూలీ కూర్చుండి రేయింబవళ్ళు త్రాడు లాగును. 1830 ప్రాంతమున 'థర్మాంటిడోట్' అను యంత్రము కూడ వచ్చెను. పెద్ద కొయ్యపెట్టెకు ప్రక్కల ఖస్ టట్టీలు బిగించి, లోపలి రెక్కలను వెలుపలినుండి కూలీ చేత త్రిప్పించుటయే ఆ యంత్రము. దాని శక్తి మనుష్యుని భుజశక్తియే. కునుకుపట్టిన పంకాకూలీని దొర కొట్టుటయు, ఆ దెబ్బలకు కూలీలు చచ్చుటయు ఆనాటి పత్రికలకును, న్యాయస్థానములకును ఎక్కిన సంగతులు. గోడయు, కప్పును చేయవలసిన పనిని మనుష్యుని చేత చేయించినచో అతడు అలసిపోవును, నిద్రపోవును, గోడ నిద్రపోదు.

అయితే మొదటి మార్గమున నడచినవారు కూడ ఒక వస్తువు విషయమున మాత్రము రెండవ మార్గమును చక్కగా పాటించిరి. ఆ వస్తువు మంచు.

1775లో సర్ రాబర్ట్ బార్కరు అను సేనాధిపతి, అలహాబాదు ప్రాంతమున మంచు పండించు విధానమును లండనులోని రాయల్ సొసైటీకి వ్రాసి పంపెను. పండించుటయే అని చెప్పవలెను. ఏలయన అది పొలములో జరుగు పని. విశాలమైన బయలులో రెండడుగుల లోతు గుంటలు త్రవ్వి, వాని అడుగున ఎండిన చెఱకుచెత్తను గాని, మొక్కజొన్న దంటులను గాని దాదాపు అడుగు మందమున పరచెదరు. దానిమీద అంగుళము మించిన లోతు మాత్రమే గల మట్టిమూకుళ్ళు వరుసగా అమర్చి, సంజవేళ కాచి చల్లార్చిన నీరు పోయుదురు. నిర్మలమైన శీతకాలపు రాత్రి, గాలి గడ్డకట్టునంత చల్లగా లేకున్నను, తెల్లవారునప్పటికి మూకుళ్ళలో మంచుపలకలు ఏర్పడును. మొయిలు లేని ఆకాశమువైపు నీరు తన వేడిమిని విడిచివేయుచుండగా, అడుగునున్న చెత్త నేల వేడిమిని పైకి రానీయదు. విలియం వెల్సు 1814లో ప్రచురించిన మంచుబిందువుల వ్యాసములో ఈ రహస్యమును శాస్త్రరీత్యా వివరించెను. అలహాబాదు కూలీలు దానిని అంతకుముందే తమ చేతులతో ఎఱుగుదురు.

ఆ మంచును దాచిన తీరు మరింత ముఖ్యమైనది. పదునాలుగు పదునైదడుగుల గోతిలో ముందు గడ్డి, దానిమీద ముతక కంబళి పరచి, మంచును దిమ్మిసలతో కొట్టి గట్టిపరచి, గోతి మూతిని మరల గడ్డితోను, కంబళ్ళతోను మూసి, అంతటిమీద పూరికప్పు వేయుదురని బార్కరు వ్రాసెను. అనగా మంచుగడ్డకు గడ్డితో గోడ, కంబళితో తలుపు, పూరితో పైకప్పు. చలికాలపు పంట వేసవివరకు నిలుచుట ఈ పొరల మహిమ.

ఇదే మహిమ యాబది యెనిమిదేండ్ల పిమ్మట సముద్రమును దాటెను. 1833 మే నెలలో అమెరికాలోని బోస్టను రేవునుండి 'టస్కనీ' అను ఓడ నూటయెనుబది టన్నుల చెరువుమంచుతో బయలుదేరి, సెప్టెంబరులో కలకత్తా చేరెను. నాలుగు నెలలు, రెండుమారులు భూమధ్యరేఖను దాటిన ప్రయాణము. అయినను సుమారు నూరు టన్నుల మంచు కరగక మిగిలెను. ఫ్రెడరిక్ ట్యూడరు అను వర్తకుని మనుష్యులు ఓడ గర్భములో పలకలతో మరియొక గది కట్టి, ఓడగోడకును ఆ గదికిని నడుమ అడుగు మందమున ఎండిన చెట్టుబెరడు పొట్టు కూరి, మంచుదిమ్మలను సందు లేకుండ పేర్చి, పైన ఎండుగడ్డి కప్పిరి. అంతే; వేరొక యంత్రమేదియు లేదు. గవర్నరు జనరలు బెంటింకు ఆ మంచుకు సుంకము తీసివేసి, రాత్రివేళ దింపుకొనుటకు అనుమతించెను.

తరువాత కలకత్తా, బొంబాయి, మద్రాసులలో మంచుగిడ్డంగులు వెలసెను. మద్రాసు గిడ్డంగి 1842 ప్రాంతమున సముద్రపుటొడ్డున లేచెను. తెలుగువారికి అది అపరిచితము కాదు. చెన్నపట్టణము తెలుగువారి చదువులకును, అచ్చుకూటములకును నెలవై యున్న ఆ కాలమున, మెరీనామీద నడచిన ప్రతి తెలుగు విద్యార్థియు ఆ గుండ్రని కట్టడమును చూచియుండును. యంత్రముతో మంచు చేయుట వచ్చి, 1880 ప్రాంతమునకు ఓడమంచు వ్యాపారము అంతరించినది. గిడ్డంగిని కొన్న బిళిగిరి అయ్యంగారను న్యాయవాది దానిని మేడగా మార్చి నివసింపజూచెను. 1897లో పడమటి దేశములనుండి తిరిగి వచ్చిన వివేకానందస్వామి అక్కడ కొన్నిదినములు విడిసి ప్రసంగించుటచే ఆ మేడ పుణ్యస్థలమైనది. 1917లో ప్రభుత్వము దానిని కొనెను. కొంతకాలము సోదరి సుబ్బలక్ష్మి నడపిన బాలవితంతువుల వసతిగృహము అందులో నుండెను. 1963లో దానికి వివేకానందుని పేరు పెట్టిరి.

కాని మంచుకు తగిన ఇల్లు మనుష్యునికి తగలేదు. కిటికీలు తెరపించినను ఆ మందపు గోడల నడుమ గాలి చాలక, నివాసమునకు అది సుఖముగా నుండెడిది కాదని చెప్పుదురు. ఇందులో ఒక పాఠము కలదు. మంచుకు ఊపిరి లేదు, మనుష్యునికి ఉన్నది. ఎండను ఆపుటయు, గాలిని ఆడనిచ్చుటయు రెండును కలిసినప్పుడే అది ఇల్లగును. ఈ రెండింటిని కలుపు విద్య మనకు గ్రంథములలో దొరకదు గాని, పాత ఇండ్లలో దొరకును.

గడ్డి, పొట్టు, కంబళి - వీనియందు సామాన్యముగా నున్నది ఏది? గాలి. కదలక, చిన్నచిన్న అరలలో చిక్కుకొన్న గాలి. అట్టి నిశ్చలమైన గాలి కాంక్రీటుకంటె అనేక పదుల రెట్లు తక్కువగా వేడిమిని ప్రసరింపజేయును. కోస్తా గ్రామములలోని చుట్టిల్లు ఈ సూత్రముమీదనే నిలిచినది. దాని తాటాకు కప్పు పొరపొరకు నడుమ గాలిని బంధించును. చూరు నడుముదాక వంగి మట్టిగోడమీద ఎండ పడనీయదు. మందమైన మట్టిగోడకు మరియొక గుణము కలదు. అది వేడిమిని మెల్లమెల్లగా మింగి, మధ్యాహ్నపు టెండను చీకటిపడిన తరువాత గాని లోపలికి విడువదు. ఆ వేళకు జనము మంచములు వాకిట వేసికొని యుందురు. రాయలసీమ మిద్దెమీద చవుడుమట్టిని మందముగా పోయుటయు ఇందుకే. మండువా లోగిలి నడుమ ఆకాశమునకు తెరచిన చతురస్రము రాత్రి చల్లగాలిని పట్టి, పగలు చుట్టునున్న వసారాలకు నీడను పంచును. ఉత్తరాది హవేలీలోని ఆంగనము చేయు పనియు ఇదే.

ఉత్తరమున భూమినే కంబళిగా కప్పుకొనువారు కూడ నుండిరి. ఢిల్లీ, లక్నో ప్రాంతములలో సంపన్నులు వేసవి పగళ్ళు తహఖానాలలో, అనగా నేలమాళిగలలో, గడపెడివారు. కొన్ని అడుగుల లోతున మన్ను ఎండను ఎఱుగదు. 1857లో లక్నో రెసిడెన్సీ ముట్టడి జరిగినప్పుడు స్త్రీలును, పిల్లలును తలదాచుకొన్నది ఎండకొరకు కట్టిన ఇట్టి గదులలోనే.

మద్రాసు తాపీవారు సృజించిన 'మద్రాసు టెర్రేసు'ను కూడ ఇక్కడ తలచుకొనవలెను. దూలములమీద సన్నని ఇటుకలను నిలువుగా సున్నముతో పేర్చి, దానిమీద ఇటుకముక్కలు కలిపిన సున్నపు కాంక్రీటు పోసి, రోజుల తరబడి కొయ్యచట్టములతో కొట్టి, పైన పలుచని పెంకుబిళ్ళలు పరచెడివారు. వాననీరు దిగకుండుటకు చేసిన ఈ పని ఎండను కూడ ఆపెను. దక్షిణదేశములో ఆ దొరల మేడలు, జమీందారుల బంగళాలు, బడులు, కచ్చేరీలు ఈ కప్పుక్రిందనే చల్లగా నుండెను.

మరి ఈ విద్య ఎందుకు పోయెను? మన జనుల అజ్ఞానముచేత పోలేదు. 1829లో ఇంగ్లండులో హెన్రీ పామరు అను ఇంజనీరు ముడుతల ఇనుపరేకుకు పేటెంటు పొందెను. ఆ రేకు రైలుస్టేషనులతోను, గిడ్డంగులతోను మన దేశములోనికి వచ్చి, మిల్లుకూలీల పాకలమీదికి ప్రాకెను. 1904లో మద్రాసులో సిమెంటు తయారగుట మొదలైనది. స్వాతంత్ర్యానంతరము సిమెంటు స్లాబు ఊరూర వ్యాపించెను. పూరియిల్లు అంటుకొనును, పాములు చేరును, రెండేండ్ల కొకమారు కప్పు మార్చవలెను. రేకు అంటుకొనదు, స్లాబు ఏటేట మార్చనక్కరలేదు. మన తాతలు తాటాకును విడిచి స్లాబును కోరుట గౌరవమును కోరుటయే. దానిని తప్పుపట్టు అధికారము చల్లని గదిలో కూర్చుండి వ్రాయువానికి లేదు.

తప్పు వేరొకచోట కలదు. అప్పు చేసి పోసిన ఆ స్లాబుమీద పాత తాపీవాడు వేసెడి ఇటుకముక్కల సున్నపు పొర మాత్రము, ఖర్చు తగ్గించుటకై, మొదట మాయమయ్యెను. కప్పు మిగిలినది, కంబళి పోయినది. తెలుగుదేశమున ఏప్రిలు చివరినుండి మే నడుమవరకు సూర్యుడు నడినెత్తిమీదనే నిలుచును. అప్పుడు గోడలకంటె కప్పుమీదనే ఎండ హెచ్చు. వట్టి స్లాబు పగలంత ఆ వేడిమిని త్రాగి, రాత్రి పడుకొన్నవారిమీద క్రక్కును. రేకుల ఇల్లు పగలే పొయ్యి. 2015 వేసవిలో వడదెబ్బచే దేశమంతట రెండువేలమందికి పైగా మరణించిరి. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణములవారే. పొలములోను, రోడ్డుమీదను పనిచేయుచు పడినవారు అందులో ఎందరో కలరు. అయితే పగటి దెబ్బ తిన్న శరీరము రాత్రి కోలుకొనవలసిన చోటు ఇల్లు. ఇల్లు కూడ కాగుచున్నప్పుడు ఆ శరీరము ఎక్కడికి పోవలెను?

ఈ ప్రశ్నకు సంపన్నుల జవాబు మరల మొదటి మార్గమే: చల్లయంత్రము, అనగా ఏసీ. దానిని నిందించి లాభము లేదు. ఆసుపత్రిలో అది ప్రాణము కాపాడును. కాని అది వేడిమిని నశింపజేయదు, వీథిలోనికి నెట్టును. కాగిన స్లాబుక్రింద పెట్టిన ఏసీ, చిల్లికుండలో నీరు పోయువానివలె రేయింబవళ్ళు శ్రమించును. దానికి విద్యుత్తు ఎక్కడినుండియో రావలెను. మన దేశములో దాని పెద్దపాలు నేటికిని బొగ్గునుండియే వచ్చుచున్నది. వసారాలో త్రాడులాగిన కూలీ కంటికి కనబడెడివాడు. నేటి పంకాకూలీ గనిలోను, విద్యుత్ కేంద్రములోను ఉన్నాడు గనుక కనబడడు. ఆ వెలుపలి వేడిమి ప్రక్కసందులోని రేకులయింటిలో దూరుటయు మేడలోనివానికి కనబడదు.

ఇటీవల ప్రభుత్వములు రెండవ మార్గమువైపు చూచుట మొదలుపెట్టినవి. 2010 నాటి ఘోరమైన వడగాలి పిమ్మట అహమ్మదాబాదు నగరము 2013లో వేసవి రక్షణ ప్రణాళికను రచించుకొని, తరువాత పేదల కప్పులకు తెల్లసున్నము వేయించు పని చేపట్టెను. కేంద్రప్రభుత్వము 2018లో నివాసగృహములకు 'ఎకో నివాస్ సంహిత' వెలువరించెను. ప్రతి చదరపు మీటరు కప్పుగుండా, వెలుపలికిని లోపలికిని గల ఒక్కొక్క డిగ్రీ తేడాకు, 1.2 వాట్లకు మించి వేడిమి ప్రవేశింపరాదని అందులో నియమము. ఏ పొరయు లేని మామూలు స్లాబు దీనికి రెండు మూడు రెట్లు వేడిమిని లోపలికి విడుచును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించినది. దాని ప్రకారము పెద్ద స్థలములలోని ఇండ్లకు చల్లని కప్పు తప్పనిసరి. 600 చదరపు గజముల లోపు స్థలములవారికి ఐచ్ఛికము. చిన్నవానిపై భారము మోపరాదను దయ ఇందులో కలదు. కాని ఎండ ఎవరికి ఐచ్ఛికము?

కావలసిన విద్య గొప్పది కాదు. కేరళలో స్థిరపడి 2007లో కన్నుమూసిన లారీ బేకరు ఇటుకలను నిలువుగా పేర్చి, గోడ నడుమ ఖాళీ విడిచి కట్టించెడివాడు. ఇటుకలు దాదాపు నాలుగవవంతు మిగులును. గోడలో చిక్కిన గాలి ఎండను ఆపును. స్లాబు పోయునప్పుడు నడుమ పాత పెంకులు పరచి కాంక్రీటును, వేడిమిని ఒక్కసారిగా తగ్గించెడివాడు. కట్టిపోయిన ఇంటికి కూడ మార్గము కలదు. మిద్దెమీద తెల్లసున్నము పూయుట అన్నింటికంటె చౌక. ఇటుకముక్కల సున్నపు పొర, దానిమీద తెల్ల పెంకుబిళ్ళలు వేసినచో అది శాశ్వతము. రేకుక్రింద జానెడు ఎడము విడిచి వెదురుతడికతోనో, చాపతోనో లోకప్పు బిగించి, ఆ ఎడములోని వేడిగాలి పోవుటకు రెండువైపుల త్రోవ విడిచినచో పొయ్యి ఇల్లగును. పడమటి గోడకు చలువపందిరి వేయుట మన అవ్వలెఱిగినదే. ఆ మాట పెండ్లిపిలుపులలో మాత్రము మిగిలియుండుట మన దౌర్భాగ్యము.

చరిత్ర చదువువారు సాధారణముగా కోటలను, తోటలను లెక్కింతురు. ఒక కాలపు న్యాయమును కొలుచుటకు ఇంటికప్పు కూడ మంచి కొలబద్ద. దేశాంతరమునుండి వచ్చిన మంచుగడ్డకు అడుగు మందము పొట్టు, జంటగోడలు, పైన ఎండుగడ్డి సమకూర్చి, అది నాలుగు నెలలు సముద్రముమీద కరగకుండ కాపాడిరి. ఆ మంచును రేవులో మోసి దింపిన కూలీ తన రాత్రిని ఎట్టి కప్పుక్రింద గడపెనో ఏ ఓడ లెక్కలోను వ్రాయబడలేదు. మంచుకు చేసిన మర్యాద మనుష్యునికి చేయుటకు మనకు నేడు జ్ఞానము చాలక కాదు, సున్నము కొరతపడియు కాదు. ప్రతి ఇంటి కప్పును ఆ ఇంటివాని సొంత గొడవయని విడిచిపెట్టు అలవాటే అడ్డుగా నున్నది. వచ్చు వేసవికి ముందు, మన ఇంటిమీద సున్నము పూయించునప్పుడు, ప్రక్కనున్న రేకులయింటివైపు కూడ ఒకమారు చూచినచో, ఈ చరిత్రకు తరువాతి పుట వేరుగా నుండగలదు.